మూడో కిరణం

జెద్దా,
20 జనవరి 1991

ప్రియమైన మీకు,

లీల వందనాలు. నేను బాగానే ఉన్నాను. ఈ మాట ముందే రాసేస్తే మిగతా ఉత్తరం మీరు కుదురుగా చదువుతారని మొదటే రాశాను. యుద్ధం మొదలై ఇది నాలుగో రోజు. ఇక్కడ ఏమీ పడలేదు. పడేవన్నీ రియాద్ వైపు, దహ్రాన్ వైపు అంటున్నారు. హాయిల్ మాట ఎవరినడిగినా తెలియదంటున్నారు. జెద్దా వాళ్లకి హాయిల్ అంటే గోధుమలు పండే ఊరని తెలుసు గానీ, అక్కడ నా మొగుడున్నాడని తెలియదు కదా. అందుకని మీరే రెండు ముక్కలు రాయండి.

మా హాస్టల్ మేట్రన్ యుద్ధానికి అందరికంటే ముందే సిద్ధమైపోయింది. గాలిలో విషం వదులుతారట. కిటికీలన్నీ మూయించి, సందుల్లో దూది కుక్కించి, చుట్టూ వెడల్పాటి టేపు అతికించింది. ఏసీ ఉండగా కిటికీలతో మీకేం పని అంది. మూడంతస్తుల మేడలో ముప్పై నలుగురు నర్సులం, జాడీలో ఊరగాయలా ఉన్నాం. ఆసుపత్రికి వెళ్లేది బస్సులో, దాని కిటికీలకి పరదాలు. ఒంటి మీద మెడ నుంచి మడమల దాకా నల్ల అంగీ. లోపలికి వెళితే ట్యూబులైట్లు. మా గదిలో రూబీ ఉందే, కాకినాడ అమ్మాయి, నిన్న అంది కదా: "ఒసే లీలా, సూర్యుణ్ణి చూసి ఎన్నాళ్లయిందే? అసలున్నాడంటావా, ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇంటికెళ్లిపోయాడంటావా?"

నవ్వాను. నవ్వాక ఆయాసం వచ్చింది. ఈమధ్య ఇలాగే ఉంది. డ్యూటీ దిగి మంచం మీద పడితే, లేచి మొహం కడుక్కోవడం కూడా ఒక పనిలా కనిపిస్తోంది. నిద్రపోతే తీరే అలసట కాదిది, నిద్రలో కూడా అలిసిపోతున్నాను.

మన పెళ్లయి మూడేళ్లు. కలిసి ఉన్నది నలభై ఒక్క రోజులు. డిసెంబరులో ఇద్దరి కాంట్రాక్టులూ ఒకేసారి పూర్తవుతాయి. ఇద్దరం ఒకే విమానం ఎక్కాలి. అమలాపురంలో ఏదో ఒక అద్దె వాటా తీసుకోవాలి. ఒకే గిన్నెలో వండుకుని, ఒకే కప్పు కింద పడుకోవాలి. ఇంతకంటే ఏమీ అడగడం లేదు. ఆ డిసెంబరును తలుచుకుని ఈ నెలలు ఈడుస్తాను. మీరు జాగ్రత్త.

ఉంటాను,
మీ లీల


హాయిల్,
6 ఫిబ్రవరి 1991

ప్రియమైన లీలకు,

నీ ఉత్తరం పదమూడు రోజులకి చేరింది. నేను క్షేమం. ఇక్కడ యుద్ధమంటే తల మీదుగా పోయే విమానాల మోత, అంతే. గోధుమకి దాంతో పనిలేదు, నీళ్లు కావాలి. గడియారం ముల్లులా చేను చుట్టూ తిరుగుతూ నీళ్లు చల్లే పొడుగాటి గొట్టాలు, నీకు ఫొటో పంపానే, ఆ పివట్లు ఆరు నా చేతికింద ఉన్నాయి. రోజుకొకటి మొరాయిస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా దాని కింద పడుకుని బిగించడమే నా బతుకు. మా ఫోర్‌మన్ గులాం మొహిద్దీన్ పాకిస్తాన్ వాడు, మంచివాడే గానీ బోల్టు బిగించేలోపు మూడుసార్లు "హో గయా?" అంటాడు.

రూబీకి చెప్పు, సూర్యుడు ఎక్కడికీ పోలేదు. ఇక్కడ నా నెత్తి మీదే ఉన్నాడు. మీ వాటా కూడా నాకే వేస్తున్నాడు.

నీ నీరసం గురించి ఆలోచించాను. నేను బి.ఎస్సీ.లో ఫిజిక్సు రెండుసార్లు తప్పినవాణ్ణి. తప్పినవాడికి తెలిసినంత ఫిజిక్సు పాసైనవాడికి తెలియదు, ఎందుకంటే వాడు ఒక్కసారే చదువుతాడు. విను. సూర్యుడు పంపేది ఒక్క ఎండ కాదు. అందులో ముఖ్యమైనవి మూడు. మొదటిది వేడి కిరణం, పరారుణం అంటారు. కంటికి కనిపించదు గానీ ఒంటికి తెలుస్తుంది. రెండోది వెలుగు కిరణం. కంటికి కనిపించేది ఇదొక్కటే, ఏడు రంగులూ ఇందులోనే. మూడోది అతినీలలోహితం. ఇది కంటికి కనిపించదు, ఒంటికీ తెలియదు, కానీ పనంతా దీనిదే. మనిషిని నల్లబరిచేది ఇదే. చర్మంలో డి విటమిను పుట్టించి ఎముకకి సత్తువ ఇచ్చేదీ ఇదే. మన సంఘంలో ఏస్తేరమ్మ గారు చాకిరీ అంతా చేసి ఫొటో దగ్గరికి వచ్చేసరికి కనిపించరే, ఆ రకం.

ఇవికాక ఎక్స్ కిరణాలున్నాయి, అంతకంటే గట్టివీ ఉన్నాయి. అవి పైనున్న గాలిపొరల్లోనే ఆగిపోతాయి, లేకపోతే భూమ్మీద మనమెవరం మిగలం. రేడియో తరంగాలు కూడా పంపుతాడు, వాటిలో వార్తలు మాత్రం రావు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, నీకు మందు ఎండే. మీ మేడలో ఏదో ఒక కిటికీలోంచి ఎండ పడకపోదు. అక్కడ కుర్చీ వేసుకుని రోజూ అరగంట కూర్చో. చేతులు మోచేతుల పైదాకా మడుచుకో. ఒక్క రోజు కూడా మానకు. సంతకు పోయినవాడికి కొసరు దొరికినట్టు, ఎండలో కూర్చున్నవాళ్లకి మూడూ కలిసే వస్తాయి.

నా గదిలో ఉండే ట్రాక్టరు డ్రైవరు సదానందం, జగిత్యాల వాడు, నేను రాస్తుంటే తొంగి చూసి అంటున్నాడు: "ఏందన్నా, వదినెకు ఉత్తరం రాస్తున్నవా, బళ్లె పాఠం చెప్తున్నవా?" వాడికేం తెలుసు, నాకు ఇంకో రకంగా ప్రేమ చూపించడం రాదని.

డిసెంబరు ఎంతో దూరం లేదు.

నీ నోవహు


జెద్దా,
20 మార్చి 1991

ప్రియమైన మీకు,

వందనాలు. యుద్ధం అయిపోయి మూడు వారాలైంది. టేపు మాత్రం తియ్యలేదు. తియ్యమంటే మేట్రన్, "టేపుతో మీకేం నష్టం, దుమ్ము కూడా రావడం లేదు" అంది. అదీ నిజమే. యుద్ధం వల్ల లాభపడింది మా హాస్టల్లో చీపురు ఒక్కటే.

మీ మాట తప్పలేదు. మూడో అంతస్తు మెట్ల మలుపులో తూర్పు వైపు పెద్ద అద్దాల కిటికీ ఉంది. రాత్రి డ్యూటీ దిగి రాగానే ఎనిమిదింటికి అక్కడ స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. మొహం మీద వెచ్చగా పడుతుంది. కళ్లు మూసుకుంటే రెప్పల లోపల ఎర్రగా వెలుగు. అంటే మీ మొదటి కిరణం, రెండో కిరణం వచ్చినట్టే. మూడోది వచ్చినా తెలియదన్నారు కాబట్టి వచ్చిందనే అనుకుంటున్నాను. అటూ ఇటూ పోయేవాళ్లు ఊరుకోరు కదా. రూబీ రోజూ ఆగి నా చెయ్యి గిల్లి చూస్తుంది. "ఇంకా పచ్చిగానే ఉన్నావే వడియమా, రేపు కూడా ఎండు" అని వెళ్లిపోతుంది.

మీకు చెప్పాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. ఆ కిటికీ దాకా ఎక్కడమే కష్టంగా ఉంది. తుంటి దగ్గర, తొడల్లో లాగుతున్నట్టు నొప్పి. గోడ పట్టుకుని ఎక్కుతున్నాను. ఆసుపత్రిలో డాక్టరుకి చూపిస్తే నొప్పి బిళ్లలు రాసి, "మీ హాస్టల్ నర్సులందరిదీ ఒకటే జబ్బు, ఇంటి మీద బెంగ" అన్నాడు. నిజమే, మా గదిలో నలుగురికీ ఒళ్లునొప్పులే. మేం దానికి బెంగనొప్పి అని పేరు కూడా పెట్టుకున్నాం. గట్టిగా అడగడానికి నాకు భయం. నర్సుకే ఒంట్లో బాగాలేదంటే పనికిరాదని కాగితం రాసి పంపేస్తారు. మీరు కంగారు పడకండి, కాస్త కాళ్లనొప్పులే.

రంజాన్ పండక్కి వస్తానని కబురు పంపారు. హాస్టల్‌కి మగవాళ్లని రానివ్వరు, భర్తని కూడా. షరఫియాలో నన్నే సాహెబ్ అని ఒక టైలరు ఉన్నాడు, ఆయన దుకాణంలో కలుద్దాం. రాజమండ్రి మనిషి, మన భాష, లోపల గుడ్డల గదిలో కూర్చోనిస్తాడు. పండగనాడు నాలుగింటికి.

మీ లీల


హాయిల్,
25 ఏప్రిల్ 1991

లీలకు,

క్షేమంగా చేరాను. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. నాలుగోది ఎలా వస్తే అలా పంపిస్తున్నాను.

కోతలు దగ్గర పడ్డాయని నన్ను వీసా మీద తెచ్చిన కఫీల్ సెలవివ్వనన్నాడు. ఊరు దాటాలంటే ఆయన కాగితం ఉండాలి. ఆ కాగితం కోసం ఐదు రోజులు ఆయన గుమ్మం ముందు నిలబడ్డాను. పద్నాలుగు గంటలు బస్సులో కూర్చున్నాను. దారిలో నీతో చెప్పాల్సినవన్నీ వరసగా పెట్టుకున్నాను. నువ్వు దుకాణంలోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డావు. నేను "ఎలా ఉన్నావు" అంటే "బాగానే" అన్నావు.

సముద్రం ఒడ్డుకి నడుద్దామన్నాను. తల అడ్డంగా ఊపావు. నన్నే సాహెబ్ కూడా చెప్పాడు: "వెళ్లి రామ్మా, పండగ పూట గాలి బాగుంటుంది. ఈ కొట్లో ఏముంది చూడ్డానికి, దారాలూ బొత్తాలూ." అయినా కదల్లేదు. నేను చెయ్యి పట్టుకుంటే విడిపించుకోలేదు, నువ్వూ పట్టుకోలేదు. అలా ఉంచావు, అంతే. గంటన్నర ఉంటానన్నదానివి నలభై నిమిషాలకే బస్సు వస్తుందని బల్ల అంచు పట్టుకుని లేచావు. నా వైపు చూడకుండా వెళ్లావు. నడిచేటప్పుడు కూడా, వెళ్లాలని లేనిదానిలా కాకుండా, ఇంకెక్కడికైనా పోతే బాగుండుననుకునేదానిలా ఒళ్లు అటూ ఇటూ ఊపుకుంటూ వెళ్లావు.

నువ్వు వెళ్లాక నేను సముద్రం దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను. జనమంతా పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు. నేను ఏం తప్పు చేశానో వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. నా మీద నీకు మనసు విరిగిందా? ఏడాదికోసారి కనిపించేవాణ్ణి ఎన్నాళ్లు ప్రేమిస్తారు ఎవరైనా? కఫీల్ ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టమని వెంటపడుతున్నాడు. డిసెంబరులో ఇంటికి పోతాను, కుదరదని చెప్పాను. నువ్వు ఇంకా డిసెంబరు అంటే డిసెంబరే. లేదంటే నేను ఒక్కణ్ణీ అక్కడికి వెళ్లి చేసేదేముంది?

నోవహు


జెద్దా,
14 మే 1991

మీకు,

దాచకుండా చెప్పమన్నారు. నాకు తెలియదు.

మీరు వస్తున్నారని నెల రోజులు ఎదురు చూశాను. మిమ్మల్ని చూశాను. చూశాక ఏమీ అనిపించలేదు. సంతోషం రాలేదు. ఏడుపూ రాలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ మీతో అబద్ధం ఆడి మూడేళ్లలో ఎరగను. అంతా అలసటే. రోగి మీద, డ్యూటీ మీద, ప్రార్థన మీద, ఇప్పుడు మీ మీద కూడా. మనసు విరగడమంటే ఇదేనేమో. విరిగితే చప్పుడవుతుందనుకున్నాను. అవలేదు.

డిసెంబరు గురించి ఆలోచించే ఓపిక లేదు. మీకెలా మంచిదనిపిస్తే అలా చేయండి. నా కోసం ఆగకండి.

ఎండలో మాత్రం కూర్చుంటున్నాను. అలవాటైపోయింది.

లీల


హాయిల్,
9 జులై 1991

లీలకు,

నీ ఉత్తరం అందింది. వెంటనే జవాబు రాయలేకపోయాను.

గోధుమ కోత అయిపోయింది. కువైట్‌లో నూనె బావులు ఇంకా మండుతూనే ఉన్నాయట. పోయిన వారం రెండు రోజులు ఆకాశం మసిబారింది. అది ఆ పొగేనని కొందరు, ఉత్త దుమ్మేనని కొందరు. సూర్యుడు తోమని రాగి పళ్లెంలా ఉన్నాడు. ఇంక ఆయన గురించి నీకేమీ రాయను.

రెండేళ్లకి సంతకం పెట్టాను. పాస్‌పోర్టు కఫీల్ పెట్టెలో ఉంది. డిసెంబరులో నువ్వు వెళ్లాలనుకుంటే వెళ్లు, ఉండాలనుకుంటే ఉండు. నేను అడ్డం రాను.

ఆరోగ్యం జాగ్రత్త.

నోవహు


జెద్దా,
15 సెప్టెంబరు 1991

ప్రియమైన మీకు,

నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను. పడుకునే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి.

ఆగస్టు చివర్లో హాస్టల్ బస్సు మెట్టు ఎక్కబోయి పడిపోయాను. కాలు పైకి లేవలేదు. ఎవరూ తొయ్యలేదు, జారలేదు, లేపాల్సిన కాలు లేవలేదంతే. ఆసుపత్రిలో కొత్తగా ఒకావిడ చేరింది, డాక్టర్ మెహరున్నిసా, హైదరాబాదు ఆవిడ. నా నొప్పి సంగతి ఏమీ అడగలేదు. "కింద గొంతుకూర్చో. ఇప్పుడు చెయ్యి ఆనకుండా లెవ్వు" అంది. లేవలేకపోయాను. మళ్లీ ప్రయత్నించమంది. అప్పుడూ లేవలేకపోయాను. నర్సునై ఉండి డాక్టరు కాళ్ల దగ్గర అలా కూర్చుని ఏడ్చాను. ఎన్నాళ్లకి ఏడుపు వచ్చిందో.

ఎక్స్‌రే ఫిల్ము తీశారు. తుంటి ఎముకలో సన్నగా, గోటితో గీసినట్టు రెండు పగుళ్లు. ఎముకలు మెత్తబడ్డాయట. డి విటమిను అడుగంటిపోయిందట. "ఎండ చూస్తున్నావా?" అని అడిగింది. నాకు పౌరుషం వచ్చింది. ఏడు నెలలుగా రోజూ అరగంట, ఒక్క పూట మానలేదు, మా ఆయన ఫిజిక్సు చదివారు, ఆయన చెప్పినట్టే చేస్తున్నానని చెప్పాను. ఆవిడ రాసేదల్లా ఆగింది.

"ఎక్కడ కూర్చుంటవ్?"

"మెట్ల మలుపులో కిటికీ దగ్గర మేడమ్."

"కిటికీ తెరిచి ఉంటదా?"

"లేదండీ, యుద్ధం నాటి నుంచీ మూసే ఉంది. అద్దంలోంచి బాగానే పడుతుంది."

ఆవిడ కలం కింద పెట్టింది. "అద్దం వేడిని రానిస్తది. వెలుగునూ రానిస్తది. నీకు కావాల్సినదాన్ని బయటనే ఆపుతది. ఏడు నెలలు నువ్వు కూర్చున్నది ఎండల కాదమ్మా, అద్దం ముందు."

అప్పుడు నాకు ఏమనిపించిందో చెప్పలేను. మీ మీద కాదు, అద్దం మీద కాదు. ఏడు నెలలు వెచ్చగా తగిలింది, ఎర్రగా కనిపించింది, అన్నీ అందుతున్నాయనే కూర్చున్నాను. అందాల్సింది ఒక్క చుక్క అందలేదు.

మా హాస్టల్లో ఇంకా తొమ్మిది మందిని పరీక్ష చేసింది. తొమ్మిది మందికీ అదే. రూబీకి కూడా. మేం బెంగనొప్పి అని ముద్దుగా పిలుచుకున్నది అదన్నమాట. దేశమంతా ఎండే, అయినా ఎండ లేక ఎముకలు కరిగాయి మాకు.

ఇంకొక మాట చెప్పింది. ఈ జబ్బు ఎముకతో ఆగదట. ఒంట్లో కండ నీరుగారిపోతుంది, దాంతోపాటు మనసుకీ మబ్బు పడుతుందట. దేని మీదా ఇష్టం నిలవదట. అందుకే ఇదంతా రాస్తున్నాను. పండగనాడు మీతో సముద్రం దాకా నడవనన్నది నడవలేకే. బల్ల పట్టుకుని లేచిందీ అందుకే. మీకు చెబితే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తారని నోరు మూసుకున్నాను.

కానీ మే నెలలో రాసింది అబద్ధం కాదండీ. నాకప్పుడు నిజంగానే ఏమీ అనిపించలేదు. అది మీ మీద విసుగా, ఒంట్లో జబ్బా అని ఇప్పుడు నన్నడిగితే చెప్పలేను. ఇంజెక్షను వేశారు, బిళ్లలిచ్చారు. ఒళ్లు బాగుపడ్డాక ఏది మిగులుతుందో చూడాలి. అది తెలిసేదాకా మీకు ఏ మాటా ఇవ్వను. ఇచ్చి తప్పడం నాకు చేతకాదు.

లీల


హాయిల్,
2 అక్టోబరు 1991

నా ప్రియమైన లీలకు,

నీ ఉత్తరం పివట్ కింద కూర్చుని చదివాను. గులాం మొహిద్దీన్ "హో గయా?" అని అరుస్తూనే ఉన్నాడు. ఏం చెప్పను వాడికి, అయిపోయిందనే చెప్పాను.

రెండుసార్లు కాదు, మూడోసారి కూడా తప్పాను. ఎక్స్ కిరణాలు గాలిలో ఆగిపోతాయని నీకు గొప్పగా రాశాను. ఒక కిరణం గాలిలో ఆగినప్పుడు ఇంకొకటి అద్దంలో ఆగొచ్చు కదా అని నాకు తట్టలేదు. నువ్వు అద్దాల కిటికీ అని స్పష్టంగానే రాశావు. చదివి సంతోషించాను, నా మాట వింటున్నావని.

తట్టకపోవడానికి సాక్ష్యం లేక కాదు. నా కళ్ల ముందే తిరుగుతోంది. సదానందం ట్రాక్టరుకి అద్దాల గది ఉంది. మూడేళ్లుగా ఎడమ చెయ్యి బయటపెట్టి నడుపుతాడు. ఆ చెయ్యి బొగ్గు. అద్దం వెనకున్న కుడి చెయ్యి వాడు ఊరి నుంచి ఎలా వచ్చాడో అలాగే ఉంది. "గీ చెయ్యి నాది, గా చెయ్యి సేటుది" అని రోజూ నవ్విస్తాడు. నేను రోజూ నవ్వాను. ఎందుకలా అయిందని ఒక్కరోజు అనుకోలేదు. నీ ఉత్తరం చదివాక వాడి రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూశాను. "ఏమైందన్నా, చేతులు చూసుకుంట ఏడుస్తున్నవ్?" అన్నాడు.

కఫీల్ దగ్గరికి వెళ్లాను. భార్యకి జబ్బు చేసింది, సంతకం వెనక్కి తీసుకుంటానన్నాను. ఖహ్వా, వాళ్ల కాఫీ, తాగమన్నాడు. మంచిగానే మాట్లాడాడు. కాగితాలు వెళ్లిపోయాయన్నాడు, విత్తనాలు వేసే రోజులన్నాడు. మళ్లీ రెండుసార్లు వెళ్లాను. మూడోసారి ఖహ్వా కూడా ఇవ్వలేదు.

నువ్వు డిసెంబరులో వెళ్లిపో. అక్కడ ఎండకి అద్దం ఉండదు, వాకిట్లో కూర్చున్నా చాలు. నేను రెండేళ్ల తర్వాత వస్తాను. అప్పటికి నీకు నా మీద ఏది మిగిలితే దానికి తలవంచుతాను. నేను మాత్రం నిన్ను ఎప్పటిలాగే ప్రేమిస్తున్నాను. ఇది రాయడానికి కిరణాల వెనక దాక్కోవాల్సిన పని లేదని ఇప్పటికి తెలిసింది.

చాలా అలిసిపోయాను లీలా. కానీ నీ అలసట ముందు నాది చెప్పుకోవడం తప్పు.

నీ నోవహు


జెద్దా,
1 డిసెంబరు 1991

ప్రియమైన నోవహు గారికి,

వందనాలు. పేరు పెట్టి రాశానని బెదిరిపోకండి, ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు ఒంటి సంగతి. డాక్టర్ మెహరున్నిసా మేట్రన్‌తో పోట్లాడింది. కిటికీలు తెరవనని మేట్రన్, తెరవకపోతే పది మంది నర్సులూ మంచాన పడతారని డాక్టరు. చివరికి మేడ మీద దుప్పట్లు ఆరేసే చోటుకి అనుమతి దొరికింది. పదింటి నుంచి పదకొండు దాకా. బయటివాళ్లకి కనిపించకూడదని నాలుగు తాళ్ల నిండా తెల్ల దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో మేం పది మందిమి చాప వేసుకుని కూర్చుంటాం. జాకెట్ల చేతులు పైకి మడిచి, పాదాలు చాపుకుని. అద్దం లేదు, పరదా లేదు. మొదటి రోజు ఎవరమూ నీడలోకి జరగలేదు. రూబీ కూడా. ఎండ చురుక్కుమంటుంటే, ఇంతసేపూ తప్పుదారిన వెళ్లి ఇప్పుడు ఇంటికొచ్చినట్టు ఏడ్చాం కొందరం.

ఒక్కరోజులో ఏమీ జరగలేదు. నెలంతా అదే నీరసం. బిళ్లలు, ఇంజెక్షను, దుప్పట్ల మధ్య గంట. విసుగొచ్చి మానేద్దామనుకున్నాను కూడా. తర్వాత ఒకరోజు గొంతుకూర్చుని లేచాను, చెయ్యి ఆనకుండా. ఇంకోరోజు తల దువ్వుకుంటుంటే చెయ్యి నొప్పి పెట్టలేదని గుర్తొచ్చింది. అలా కొంచెం కొంచెంగా.

పోయిన బుధవారం డ్యూటీ దిగి వచ్చి మెట్లెక్కుతున్నాను. రెండో అంతస్తు దాటాక గమనించాను, గోడ పట్టుకోలేదు. ఆ మెట్టు మీదే నిలబడిపోయాను. అక్కడ, ఉన్నట్టుండి, ఏ కారణమూ లేకుండా, మీ జులై ఉత్తరం గుర్తొచ్చింది. అప్పుడు చదివి మడిచి పెట్టేశాను, ఏమీ అనిపించలేదు. ఇప్పుడు తల నుంచి కాళ్ల దాకా మంట పుట్టింది. మూడో అంతస్తు దాకా పరుగెత్తాను. అవునండీ, పరుగే. పెట్టె తీసి ఆ ఉత్తరం చదివాను.

రెండేళ్లకి సంతకం పెట్టేస్తారా? భార్య "నాకు తెలియదు" అని రాస్తే, ఎందుకు తెలియదే నీకు అని ఇంకొక్క ఉత్తరం రాయరా? కాళ్లనొప్పులని మార్చిలోనే రాశాను కదా, ఏప్రిల్లో కళ్ల ముందు కుంటుతూ వెళుతుంటే, కాలు నొప్పా అని ఒక్క మాట అడగరా? నడకని చూసి మనసు విరిగిందని రాశారు! సూర్యుడి నుంచి ఎన్ని రకాలు వస్తాయో లెక్కపెట్టడం వచ్చిన మనిషికి పెళ్లాం కాలు ఈడుస్తుంటే కనిపించదా? గదిలో నిలబడి గట్టిగానే అరిచాను. రూబీ పరుగెత్తుకొచ్చింది.

"ఏంటే, ఏమైందే, ఊళ్లో ఎవరికైనా ఏమైనా అయిందా?"

"మా ఆయన మీద కోపం వచ్చిందే!"

అది నన్ను అలాగే చూసి, మంచం మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అన్నీ ఒకేసారి వచ్చాయి. ఎవరూ కాని మనిషి మీద ఇంత కోపం రాదండీ. ఒళ్లు బాగుపడ్డాక ఏది మిగులుతుందో చూడాలన్నాను కదా. మిగిలింది మీరే.

ఇంక సంగతి వినండి. నన్ను ఇంటికి వెళ్లమన్నారు. నేను వెళ్లడం లేదు. మా ఆసుపత్రి నడిపే కంపెనీకి హాయిల్‌లో ఒక చిన్న దవాఖానా ఉంది. అక్కడి నర్సు లీనమ్మ జెద్దా కావాలని ఏడాదిగా అడుగుతోంది. ఆవిడ ఇక్కడికి, నేను అక్కడికి. దవాఖానా వెనక నర్సుకి ఒక గది, ఎత్తు గోడల మధ్య వాకిలి ఉన్నాయట. వాకిలికి పైన కప్పు లేదట, అడిగి మరీ తెలుసుకున్నాను. మీ పొలం అక్కడికి నలభై కిలోమీటర్లు. సెలవు రోజున రావచ్చు. అమలాపురం కాదు, రోజూ ఒకే గిన్నె కాదు. వారానికి ఒక్కరోజు ఒకే గిన్నె. మూడేళ్లలో నలభై ఒక్క రోజుల కంటే అదే నయం.

దీనికి నిన్న సంతకం పెట్టాను. రెండేళ్లకే. మిమ్మల్ని అడగలేదు, మీరు నన్నడిగి పెట్టారా?

పద్దెనిమిదో తారీఖున కంపెనీ బండిలో బయలుదేరుతున్నాను. బండి దిగగానే కుశలప్రశ్నలు వేయకండి, ముందు మీతో పోట్లాడాలి. అందుకే పేరు పెట్టి రాశాను, కోపంలో మీరూ గారూ ఎంతసేపు నిలుస్తాయో చూద్దామని. ఈ ఒక్క ఉత్తరానికి నిలిచాయి. అక్కడ హామీ లేదు. అలిసిపోయానని తప్పించుకోవడానికి వీల్లేదు, నేను అలిసిపోలేదు.

మీ లీల